ఆరు స్లైడ్లు, ఐదు పేర్లు

2024 జూలై 7, ఆదివారం

ఈ రోజు మూడో క్లాసు. క్లాసంటే పెద్ద మాట. మా తూంకుంట లేఅవుట్ కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఇంట్లోంచి నా పాత మైక్రోస్కోపు మోసుకెళ్ళి, వచ్చినవాళ్ళకి కణం గురించి చెప్పడం. మామూలు పాఠకుల కోసం తెలుగులో చిన్న పుస్తకం రాయమని ఒక పబ్లిషర్ అడిగారు. తుర్కపల్లి ల్యాబులో పదమూడేళ్ళుగా సెల్ కల్చర్ చేస్తున్నాను గానీ, మామూలు మనిషికి అర్థమయ్యేలా ఒక్క పేరా రాయలేకపోతున్నాను. అందుకే ముందు నోటితో చెప్పి చూస్తున్నాను. జనం ఎక్కడ ఆవలిస్తే ఆ ముక్క పుస్తకంలోంచి ఎగిరిపోతుంది.

ఈ రోజు ఎవరూ ఆవలించలేదు. బుగ్గ లోపలి చర్మం గురించి చెప్పాను. అది పొరలు పొరలుగా ఉంటుందనీ, కణాలు అడుగు పొరలో పుట్టి, కింద కొత్తవి పుడుతున్న కొద్దీ పైకి నెట్టబడి, పల్చబడి, పైకొచ్చేసరికి రాలిపోతాయనీ. రాలినవి మన ఉమ్మిలోనే ఉంటాయి. అంటే రోజూ మనల్ని మనమే కాస్త మింగుతున్నాం. మా కాలనీ పార్వతీదేవి గారు ఛీ అన్నారు. అందరూ నవ్వారు.

చివరి వరసలో ఒకావిడ, స్కార్ఫు మూతి మీదకి లాక్కుని కూర్చుంది, అడిగింది: "పుట్టుడు ఆపమని గా కణానికి ఎవరు జెప్తరు?"

ఇన్నేళ్ళలో నాకెవరూ వేయనంత మంచి ప్రశ్న. పక్కనున్న కణాలు చెప్తాయి, ఖాళీ లేదు ఇక చాలు అని, అన్నాను.

"జెప్తే ఇనకపోతే?"

అది తర్వాతి చాప్టర్ అన్నాను. హుషారుగా.

ఆరుగురు ఐస్‌క్రీం పుల్లతో బుగ్గ లోపల గీకి స్లైడు ఇచ్చారు. నాది కాక. స్పిరిట్‌లో ముంచాను, నీలం రంగు వేశాను. నా స్లైడు ఒక్కటే చూపించానో లేదో, కరెంటు పోయింది. మీ కణాల ఫోటోలు వాట్సాప్‌లో పంపిస్తానని పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుని వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం 6.40

స్లైడ్ల మీద మార్కర్‌తో వేసిన నంబర్లు స్పిరిట్‌లో కొట్టుకుపోయాయి. ల్యాబులో ఏ ట్రైనీ అయినా ఈ పని చేస్తే అరిచేదాన్ని. పెన్సిల్‌తో రాయాలి.

నాలుగు చూశాను. బాగున్నాయి. వేయించిన అప్పడంలా వెడల్పుగా, పల్చగా, అంచు మడతపడి, మధ్యలో చిన్న నీలం చుక్క. ఆ చుక్కే న్యూక్లియస్. డీఎన్ఏ అనే రెండు మీటర్ల పొడవున్న రాత అంతా అందులోనే చుట్టి ఉంటుంది.

ఐదోది అలా లేదు.

కణాలు చిన్నవి. చుక్కలు పెద్దవి. కొన్నిటిలో కణమంతా చుక్కే. కొన్నిటిలో రెండేసి. ఒకదాని మీద ఒకటి ఎక్కి గుంపులుగా ఉన్నాయి. ఇలాంటివి నాకు కొత్త కాదు, ల్యాబులో రోజూ ఫ్లాస్కుల్లో క్యాన్సర్ కణాలు పెంచుతాను. అవి మొదట ఎవరి ఒంట్లోంచి వచ్చాయో ఆ మనుషులు ఎప్పుడో చచ్చిపోయారు.

ఆరోది బాగానే ఉంది. మళ్ళీ ఐదోది పెట్టాను. మారలేదు.

జూలై 8, సోమవారం

ఆ ఐదో స్లైడు నసీరుద్దీన్‌ది. ఇంకెవరిది అవుతుంది?

నాలుగేళ్ళుగా మా కంపెనీ క్యాబ్ నడుపుతున్నాడు. నా పుస్తకం సంగతి విని, నిన్న ఆదివారమైనా వచ్చి అందరికంటే ముందు పుల్ల తీసుకున్నాడు. ఎడమ బుగ్గలో ఎప్పుడూ గుట్కా. శామీర్‌పేట చెరువు దాటేదాకా అద్దంలో ఆ బుగ్గే చూస్తూ కూర్చున్నాను. తన ఫోటో ఏదని అడిగాడు. పంపిస్తాను భాయ్ అన్నాను.

జూలై 9

ఈ రోజూ చెప్పలేదు.

జూలై 11, గురువారం

ఫణిభూషణ్‌కి ఫోటోలు చూపించాను. మా ల్యాబు బిల్డింగ్‌లోనే పాథాలజిస్టు. చాలాసేపు చూశాడు. ఇంట్లో రంగు వేసిన స్లైడు చూసి ఏ పేరూ పెట్టలేనన్నాడు, బయాప్సీ చేస్తేనే తెలుస్తుందన్నాడు. అంతా చెప్పాక, ఎవరిదని అడిగాడు. బహుశా మన డ్రైవర్‌ది అన్నాను. "బహుశా ఏంటి?" అన్నాడు. నంబర్ల సంగతి చెప్పాను. ఫోన్ నా చేతిలో పెట్టేసి తన పనిలోకి వెళ్ళిపోయాడు. అదే ఎక్కువ సిగ్గుగా అనిపించింది.

జూలై 13, శనివారం

చెప్పేశాను. దింపేటప్పుడు మా గేటు దగ్గర క్యాబ్‌లోనే. నీ స్లైడు సరిగా రాలేదు, ఇంకోసారి ఇవ్వు అంటూ మొదలుపెట్టాను గానీ, నా మొహం చూసి కనిపెట్టేశాడు.

"నా నోట్లె ఏమన్న ఉన్నదా మేడమ్? సాఫ్ సాఫ్ జెప్పున్రి. పరేషాన్ జెయ్యకున్రి."

నోరు తెరవమన్నాను. ఎడమ బుగ్గలో తెల్లటి మచ్చ, నాణెమంత. గీకాను. పెన్సిల్‌తో పేరు రాశాను. తను వరండాలో చెప్పులు విప్పి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నలభై నిమిషాలు.

అప్పడాలే. మందంగా ఉన్నాయి, పొగాకు ఒరిపిడికి అలా అవుతాయి, కానీ చుక్కలన్నీ చిన్నవే. మళ్ళీ గీకాను. మళ్ళీ అంతే. డాక్టరుకి చూపించుకో, గుట్కా మానెయ్ అని చెప్పి, ఇది ఆ స్లైడు కాదు అన్నాను. ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. గేటు బయట డ్రైనేజీలో ప్యాకెట్లన్నీ పారేశాడు.

నాకు సంతోషంగా ఉండాలి.

జూలై 14

చాప్టర్ 6 రాశాను. ఆరోగ్యమైన కణానికి చావడం కూడా తెలుసు. రాత చెడిపోయిందని తెలిస్తే తనను తానే విడదీసుకుంటుంది. గోల చేయదు. ముక్కల్ని పక్కనున్నవి తినేస్తాయి. ఈ పని మన ఒంట్లో ఈ నిమిషంలోనే కొన్ని కోట్ల చోట్ల జరుగుతోంది. చావడం మర్చిపోయిన కణంతోనే ప్రమాదం.

చదివితే బాగానే ఉంది. నాకే నచ్చలేదు.

జూలై 17, మొహర్రం సెలవు

రాజారావు గారి ఇంటికి వెళ్ళాను. బ్యాంకులో రిటైరై, మా కాలనీ అసోసియేషన్ చూసుకుంటారు. భార్య పార్వతీదేవి గారు కాఫీ ఇచ్చారు. ఫోటోలు సరిగా రాలేదని అబద్ధమాడి ఇద్దరివీ మళ్ళీ తీసుకున్నాను. రాజారావు గారు ముప్ఫై ఏళ్ళు సిగరెట్లు కాల్చారు. ఇంటికొచ్చి చూసేటప్పుడు ఆయనదే అయ్యుండాలని కోరుకున్నట్టు అనిపించి భయమేసింది. ఎవరిదో ఒకరిది అయిపోతే చాలనిపిస్తోంది.

ఇద్దరివీ బాగున్నాయి.

జూలై 20, శనివారం

వాచ్‌మన్ యాదయ్య. బీడీలు. బాగుంది.

ఆయన చెల్లెలు దుర్గాబాయి. బాగుంది.

లిస్టులో ఉన్నది ఐదుగురు: నసీరుద్దీన్, రాజారావు, పార్వతీదేవి, యాదయ్య, దుర్గాబాయి. ఐదుగురూ క్లియర్. అయితే రంగు ఎక్కువసేపు ఉంచానేమో. స్లైడు ఆరేలోపు నలిగిందేమో. ఇంట్లో చేసిన పని. ఫణిభూషణ్‌కి మెసేజ్ పెట్టాను, ఆర్టిఫాక్ట్, అంటే స్లైడు తయారీలో వచ్చిన తేడా, అయ్యుంటుందని. థమ్సప్ పెట్టాడు.

జూలై 21, ఆదివారం, ఉదయం 11

స్లైడ్ల డబ్బా తుడుస్తూ లెక్కపెట్టాను. నాది పక్కన పెడితే స్లైడ్లు ఆరు. పేర్లు ఐదు.

జూలై 24

ఆ ఆరో మనిషి ఎవరో ఎవరికీ గుర్తులేదు. రాజారావు గారు ఐదుగురమే అన్నారు. యాదయ్య, ఎనిమిది మంది అన్నాడు. హాల్లో సీసీ కెమెరా లేదు. ఆ పుల్ల ఎవరికో నా చేత్తోనే ఇచ్చాను. ఆ చెయ్యి గుర్తొస్తోంది, గోళ్ళకి మట్టి ఉంది. దాని పైన మొహం గుర్తురావడం లేదు.

జూలై 26, శుక్రవారం

ఉదయం క్యాబ్‌లో నసీరుద్దీన్ హుషారుగా ఉన్నాడు. గుట్కా మానేసి రెండు వారాలైంది, నోటికి మళ్ళీ రుచి తెలుస్తోందట. తెలిసి ఏం లాభం, ఇంట్లో కూర చప్పగా ఉంటోందని వెనక సీట్లోవాళ్ళతో అంటున్నాడు.

"మా ఇంటామె కారం బందే జేసింది. మూడు నెలలాయె. మిర్చి తాకితే నోరు మండుతాందట. ఇప్పుడైతే బువ్వ గూడ మెత్తగ పిసుక్కోని తింటాంది."

నేను ముందు సీట్లో ఉన్నాను. ఆమె ఏం చేస్తుందని అడిగాను. పాలకూర, మెంతికూర పండించుకుంటారు. ఆదివారాలు తెచ్చి మీ కాలనీ గేటు దగ్గరే అమ్ముతుంది కదా మేడమ్, మీరూ కొన్నారు అన్నాడు. ఆ రోజు మీ క్లాసుకీ వచ్చింది, నాతో పాటు ఇంటికి పోదామని, వెనక కూర్చుంది.

స్కార్ఫు. మంచి ప్రశ్న.

జూలై 27, శనివారం

నసీరుద్దీన్‌తో వాళ్ళ ఊరికి వెళ్ళాను. శామీర్‌పేట దాటి లోపలికి. ఆయనకి చెప్పాల్సింది నిన్ననే చెప్పాను.

ఆమె పేరు సాలేహా. ఇరవై రోజుల తర్వాత తెలుసుకున్నాను. నలభై నాలుగేళ్ళు. ఆకుకూరల మడిలో ఉంటే కూతురు గుల్నాజ్ వెళ్ళి పిలుచుకొచ్చింది. గుల్నాజ్ మేడ్చల్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. తల్లి పక్కనే నిలబడి నేనేం అడిగినా తనే ముందు జవాబు చెప్తోంది.

నోరు తెరవమంటే రెండు వేళ్ళ కంటే ఎక్కువ తెరుచుకోలేదు. ఫోన్ లైటు వేశాను. కుడి బుగ్గ లోపల, వెనక పళ్ళ దగ్గర, ఎర్రగా, అంచులు గట్టిగా. స్లైడు అక్కర్లేదు. గుట్కా ముట్టలేదట, పాన్ కూడా లేదు. పళ్ళకి పొగాకు పొడి రుద్దుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా. పంటినొప్పికి మొదలుపెట్టింది. రోజుకి నాలుగైదుసార్లు. ఇన్నాళ్ళూ నసీరుద్దీన్‌కి తెలియదు, ఆయన గుట్కాకి తను తిట్టేది కాబట్టి దాచిపెట్టింది.

క్లాసు రోజు సాయంత్రమే నాకు తెలుసు, ఎవరిదో తెలియక ఇరవై రోజులు పోయాయి అని చెప్పాను. అది ఎలాగైనా చెప్పాలనే వెళ్ళాను. లిస్టు రాసేటప్పుడు మీ దగ్గర ఫోన్ లేదన్నారేమో, ఆయన నంబరే ఉంది కదా అనుకున్నానేమో, అంటూ ఏదో అంటున్నాను.

సాలేహా స్కార్ఫు సర్దుకుంది. కోపం లేదు. అది ఉంటే బాగుండేది.

"నువ్వు నా పేరు అడగలే మేడమ్. గంతే. పుల్ల ఇచ్చినవ్, తీస్కున్న."

నసీరుద్దీన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గుల్నాజ్ లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ బయటికి రాలేదు.

ఆగస్టు 6

బయాప్సీ రిపోర్టు వచ్చింది. నగరంలో పెద్దాసుపత్రిలో నేనూ వాళ్ళ వెంట ఉన్నాను. క్యాన్సరే. మెడలో ఒక లింఫు గ్రంథికి కూడా చేరింది. ఇరవై రోజుల ముందు వచ్చి ఉంటే తేడా ఉండేదా అని డాక్టరుని పక్కకి పిలిచి అడిగాను. పెద్దగా ఉండదమ్మా, ఇది నెలల నాటిది అన్నారు. పెద్దగా అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

ఆగస్టు 29

ఆపరేషన్. తొమ్మిది గంటలు. కుడి బుగ్గ, దవడలో కొంత తీసేశారు. తొడ నుంచి చర్మం తెచ్చి అతికారు. ఆ చర్మం అక్కడ బతకాలి. కొత్త చోట పక్కవాళ్ళ మాట వినాలి. వారం దాకా ఏమీ చెప్పలేమన్నారు.

సెప్టెంబర్ 5

అతికిన చర్మం గులాబీ రంగుకి తిరిగింది. పట్టిందట. నసీరుద్దీన్ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. క్యాబ్ ఇప్పుడు వేరే అతను నడుపుతున్నాడు.

సెప్టెంబర్ 22

క్లాసులు ఎప్పుడు మొదలుపెడతావమ్మా అని రాజారావు గారు అడిగారు. ఇక పెట్టను అన్నాను. పుస్తకం రాయనని పబ్లిషర్‌కీ చెప్పేశాను.

డిసెంబర్ 1, ఆదివారం

ముప్ఫై రేడియేషన్‌లు అయిపోయాయి. స్కాన్‌లో ఏమీ కనబడలేదు. ఇప్పటికి అన్నారు. వాళ్ళెప్పుడూ ఆ మాట కలుపుతారు.

చూడ్డానికి వెళ్ళాను. సాలేహా సగం అయింది. జావ తాగుతోంది, ఒక పక్క నుంచి కారుతుంటే తుడుచుకుంటోంది. మాట ముద్దగా వస్తోంది, గుల్నాజ్ విని నాకు మళ్ళీ చెప్తోంది. పుస్తకం ఆపేశావట ఎందుకు అని అడిగిందట. రాయమంటోంది మేడమ్, తన పేరుతో రాయమంటోంది అంది గుల్నాజ్. చెప్పేటప్పుడు తన చెయ్యి నోటికి అడ్డంగా ఉంది. పిల్ల ఏడుపు ఆపుకుంటోందనుకున్నాను.

2025 జనవరి 18, శనివారం

గుల్నాజ్ ఫోన్ చేసింది. కాలేజీ నుంచి, ఎక్కడో మూలకెళ్ళి, గొంతు తగ్గించి. ఎనిమిదో క్లాసులో తనకీ పంటినొప్పి వచ్చిందట. అమ్మీ వేలికి పొగాకు పొడి అద్ది పెట్టిందట, తగ్గిపోయిందట. అప్పటి నుంచి తనూ రోజూ రుద్దుకునేదట. ఆగస్టులో మానేసింది. తల్లికి ఆ సంగతి ఇప్పటికీ గుర్తులేదు, తనూ గుర్తు చేయదలచుకోలేదు.

మంగళవారానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వస్తానంది. కానీ అంతకుముందు తనే చూసుకోవాలంది.

"ఎట్ల జూడాల్నో నేర్పియ్యున్రి మేడమ్. ఎవరో జూసి జెప్పుడు నాకొద్దు."

జనవరి 19, ఆదివారం, మధ్యాహ్నం 3.20

ముందు నా స్లైడు పెట్టి, మంచివి ఎలా ఉంటాయో చూపించాను. తర్వాత తనదే తను గీకింది, తనే రంగు వేసింది, పెన్సిల్‌తో పేరు రాసింది. నేను పక్కకి జరిగాను.

పది నిమిషాలైంది. కన్ను తీయడం లేదు. స్లైడుని మెల్లగా జరుపుతోంది, ఆపుతోంది, మళ్ళీ అదే చోటికి వస్తోంది.

అబ్బాకి ఇప్పుడే చెప్పొద్దు అని మాత్రం అంది.

నేనింకా చూడలేదు.