రసీదులో లేని రెండో కన్ను

ముప్పై ఎనిమిదేళ్లుగా కృత్రిమ కళ్లు తయారు చేస్తున్న నేను, అరవై ఏడేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, స్థిమితమైన బుద్ధితో ఈ వీలునామా రాస్తున్నాను. మధ్యాహ్నం మూడు దాటాక నా చెయ్యి కొద్దిగా వణుకుతుంది. సంతకం మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని ఉదయం పదింటికే కూర్చున్నాను. మరో పది రోజుల్లో నాకు గుండె ఆపరేషన్. ఈలోగా దివాలా దరఖాస్తు వేయాలో వద్దో తేల్చకపోతే ఆ చిక్కు నా వాళ్ల మెడకు చుట్టుకుంటుందని వకీలు చెప్పారు. అందుచేత ఆస్తి సంగతీ, ఆ నిర్ణయమూ రెండూ ఇందులోనే రాస్తున్నాను.

1. బాకీ. నా తమ్ముడు పెట్టిన శీతల గిడ్డంగికి బ్యాంకులో నేను హామీ సంతకం చేశాను. గిడ్డంగి మూతపడింది. తమ్ముడు ఊరు మారి, నాలుగేళ్లుగా ముఖం చాటేశాడు. బాకీ మాత్రం అడ్రసు కనుక్కుని మరీ నా దగ్గరకు వచ్చింది. ఇంకో జన్మెత్తి కళ్లు చేసినా అది తీరదు. దరఖాస్తు వేస్తే బాకీ అంతటితో ఆగుతుంది. పనిముట్లూ, ఇంట్లో అవసరమైన సామానూ మాకు మిగులుతాయి. వేయకపోతే అవి కూడా జప్తుకు పోతాయి. ఇంత తెలిసీ మూడు వారాలు ఆ కాగితాలను సంతకం లేకుండా బల్ల మీదే ఉంచాను.

2. నా తప్పు. నా దగ్గరకు వచ్చిన ప్రతి మనిషికీ రెండు కళ్లు చేశాను: ఒకటి పెట్టుకోవడానికి, మరొకటి అది పోయినా పగిలినా ఇవ్వడానికి. వెల రెండింటికీ కలిపే తీసుకున్నాను. రెండోది ఇంట్లో పారేసుకుంటారని, పేరు రాసి నా సొరుగులో దాచాను. చేతికిచ్చింది ఒకటే గనక, రసీదు మీద “కన్ను ఒకటి” అని రాస్తూ వచ్చాను. “కాగితం ప్రకారం ఇవన్నీ మీ సరుకే మాస్టారూ. దరఖాస్తు వేస్తే వేలానికి పోతాయి” అన్నారు వకీలు. నా భార్య ఆయన వెళ్లేదాకా ఆగి, “ఊరందరి కళ్లలోకీ చూశారు. ఒక్కసారి రసీదు పుస్తకంలోకి కూడా చూసుకుంటే పోయేది కదండీ” అంది. ఆమె అన్నది నిజమేనని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను.

3. సొరుగులు. ఆస్తుల జాబితా కోసం నేనూ, నా దగ్గరే పని నేర్చుకున్న మేనకోడలూ కూర్చుని మూడు రోజులు లెక్కపెట్టాం. రెండువందల పన్నెండు. ఇన్నేళ్లలో వాటన్నిటినీ ఒకేసారి నేనెన్నడూ చూడలేదు. అందరూ నలుపనుకునే కన్ను పగటి వెలుతురులో తుప్పు రంగు, తేనె రంగు, తడిసిన కొయ్య రంగు. ఏ రెండూ ఒకటి కావు. ఒకే మనిషి రెండు కళ్లూ ఒకటి కావు. యజమానుల్లో పద్నాలుగు మంది చనిపోయారు. వాళ్ల కళ్లు ఇంకా తెరుచుకునే ఉన్నాయి. ఇవి నా చేతులతో చేసినవని నాకే నమ్మబుద్ధి కాలేదు. నా మేనకోడలు ట్రే పట్టుకుని, “మామయ్యా, కాసేపు మూసేద్దామా? అందరూ మననే చూస్తున్నట్టుంది” అంది.

4. జాబులు. రెండో కన్నుకూ డబ్బు కట్టినట్టు రాసి పంపమని నా మేనకోడలు అందరికీ కార్డులు రాసింది. రెండు కళ్లకూ కలిపే సొమ్ము కట్టామని, సంతకాలతో నూట తొంభై ఆరు జాబులు వచ్చాయి. ఈత నేర్పే మాస్టారు స్వయంగా వచ్చి చెప్పారు: “నీళ్లలో ఒకటి పోతే పోనీ, రెండోది మీ దగ్గర ఉందిగా అనుకునే ఇన్నేళ్లూ దూకానండీ.” నా సొరుగును నమ్ముకుని ఒక మనిషి ఇరవయ్యేళ్లు దూకుతూ ఉన్నాడని నాకు తెలియదు. సరుకుకు ఖరీదు కట్టడానికి వచ్చిన బ్యాంకు అధికారి మూడో సొరుగు తెరిచి పేర్లు ఒక్కొక్కటే చూస్తూ వచ్చారు. “వీళ్లంతా... బతికే ఉన్నారాండీ?” అని అడిగారు. తరువాత జాబులన్నీ చదివారు. ఈ కళ్లు ఇతరుల సొత్తని, బ్యాంకుకు అభ్యంతరం లేదని రాసి, సొరుగును రెండు చేతులతో మెల్లగా మూశారు.

5. చట్టం నాకు మిగిల్చినవి. (అ) కుంచెలు, అచ్చులు, సానరాయి, ఉత్తరపు కిటికీ దగ్గరి కుర్చీ నా మేనకోడలికి. ఈ వీలునామా అమలు బాధ్యత ఆమెదే. జాబు రాయనివాళ్ల కళ్లు, చనిపోయినవాళ్ల కళ్లు వాళ్ల మనుషులు వచ్చేదాకా దాచాలి. (ఆ) తెల్లగుడ్డు మీద సన్నని నరాలకు నేను వాడినదంతా నా భార్య కుట్టుపెట్టెలోని ఎర్రపట్టు దారం. అడక్కుండా తీసుకున్నాను, ఆమెకు తెలుసు. నా గోడ గడియారం, రేడియో, నా పేర ఉన్న మంచి మాట ఏదైనా ఉంటే అదీ ఆమెవి.

6. నిర్ణయం. సాక్షులు సంతకాలు చేసిన వెంటనే దివాలా దరఖాస్తు మీద కూడా సంతకం చేస్తాను. ఇతరుల సొత్తు అన్న గడిలో రెండువందల పదకొండు పేర్లు రాశాను. మిగిలిన ఒక్కటి నా తమ్ముడిది. తొమ్మిదో ఏట వాడికి ఎడమకన్ను పోయింది. వాడి కోసమే ఈ పని నేర్చుకున్నాను. వాడి దగ్గర ఎన్నడూ డబ్బు తీసుకోలేదు గనక ఆ కన్ను నిజంగానే నాది. దాచడం అబద్ధమవుతుంది; నా ఆస్తి కింద రాశాను. వాడి నుంచి బాకీ రాబట్టే హక్కు కూడా ఇకపై కోర్టు అధికారిదే. వాడికి అన్ననయ్యే హక్కు ఏ జాబితాలోనూ అడగలేదు. అది నా దగ్గరే ఉంటుంది.

ఆ కన్ను ఇంకా పూర్తి కాలేదు. వయసుతో నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు అంచు వస్తుంది. వాడి కుడికన్నుకు ఎంత వచ్చిందో చూడందే నేను వేయలేను. ఖరీదు గడిలో అంకె వేయమన్నారు వకీలు. “మనిషి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాక చెప్పగలం” అని రాశాను.

2026 మార్చి 11, బుధవారం, ఉదయం పదకొండున్నర.

(సంతకం) కంటి మాస్టారు

సాక్షులు:
1. కింది అంతస్తు టైలరు
2. ఈత నేర్పే మాస్టారు (సొరుగులోని తన సొత్తు తప్ప ఇందులో ఆయనకు వేరే లబ్ధి లేదు)