ఖాసింబీ ఓడను తిరిగి ఇచ్చే కాగితం

నంద్యాల కాపురస్తుడు, కీర్తిశేషుడు హుసేనప్ప కొడుకు, తాబూతులు కట్టే మౌలాలి, వయసు అరవై మూడు, పూర్తి స్మారకంలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా. మతి సరిగానే ఉంది. చెడినవి చూపు, మోకాళ్ళు, కత్తెర పట్టే చెయ్యి. నాకు చదువు రాదు గనుక దస్తావేజు లేఖరి ఓబులేసప్ప రాస్తున్నాడు. ఇంటి సంగతులు ఇందులో వద్దని రెండుసార్లు చెప్పాడు. వాదించే ఓపిక నాకు లేదు, చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

1. నేనుండే మిద్దె, వెనక దొడ్డి. నా భార్య రహమత్‌బీ ముందే పోయింది. మా మతశాస్త్రం ప్రకారం సగం నా ఒక్కగానొక్క కూతురు ఖాసింబీకి, సగం నా తమ్ముడు దాదా ఖలందర్‌కు చెందుతుంది. అందుకు నా వేలిముద్ర అక్కర్లేదు. మిద్దె వానకు కారుతుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

2. వెదురు చీల్చే కత్తులు, జిగురు కాచే గిన్నె నా స్నేహితుడు మేదర మద్దిలేటికి. ముప్పై ఏళ్ళు నా తాబూతులకు బద్దలు చీల్చింది అతనే. పీర్ల పండుగకు ఆ కాగితపు గోరీ ఎంత ఎత్తు కట్టినా పదో నాడు కుందూ ఏట్లో కలపాల్సిందే. వేళ్ళు కోసుకుని చేసిన పని నీళ్ళలో నానిపోతుంటే ఇద్దరం గట్టున కూర్చుని బీడీ కాల్చేవాళ్ళం. నా అలసట అతనికి వేరే చెప్పనక్కర్లేదు. జిగురులో మైలుతుత్తం వేయడం మాత్రం మరిచిపోతుంటాడు. వేయకపోతే పురుగు తినేస్తుంది.

3. నా పెద్ద కత్తెర. ఇది తమ్ముడి దగ్గర ఉంది. ఎనిమిదేళ్ళ కిందట ఒక్క పూటకని పట్టుకుపోయాడు. అడిగినప్పుడల్లా "యాడికి పోతాదిలే అన్నా, ఈడనే ఉంటాది" అంటాడు. అది ఖాసింబీకి చేరాలి. ఎందుకో కింద చెప్పాను.

4. ఆకాశ ఓడ. 1953లో ఖాసింబీకి పదమూడేళ్ళు. అప్పుడు ఏదో పత్రికలో నెలనెలా ఒక కథ వచ్చేది, అందులో మనుషులు ఓడలో అంగారక గ్రహానికి పోతారు. నా పనిలో మిగిలిన కాగితం ముక్కలతో రెండు నెలలు కూర్చుని ఆ ఓడను చేసింది. మూరన్నర పొడవు, మూడు అంతస్తులు, చీపురుపుల్లల నిచ్చెన, అగ్గిపెట్టె అట్టతో ఏడు కుర్చీలు, పక్కలకు వరసగా గుండ్రటి కిటికీలు. లోపల వేలిగోరంత నీళ్ళ కడవ. కథలో కడవ లేదట. "అంత దూరం పోతాండారు, దావలో దప్పికైతే ఏం తాగుతారు నాయనా?" అంది. నవ్వి నా పనిలో పడ్డాను. ఓడ గోడ గూట్లో ఉండేది. ఒక్కరోజు కూడా చేతిలోకి తీసుకుని చూడలేదు.

పండుగ కాగితం ముక్క కూడా ఇంట్లో మిగలకూడదని మా ఇంటి ఆనవాయితీ. పదో నాడు తమ్ముడు గూట్లోకి చూసి "అదీ పండగ కాగితమే కదన్నా" అన్నాడు. నిజమే అనుకున్నాను. చెత్త ముక్కల గంపలో దాన్ని కూడా వేసుకుపోయి కుందూలో వదిలాను. బిడ్డ గట్టు మీదికి పరిగెత్తుకొచ్చి "అది పండగది కాదు నాయనా, నాది" అంది. అప్పటికే అందనంత దూరం పోయింది. ఓడ వెంటనే మునగలేదు. కుడిపక్క నాకు కనబడుతూ వంపు దాకా తేలిపోయింది. నా తాబూతుల్లో ఏదీ అంతసేపు నిలవలేదు.

ఆమె ఏడవలేదు. మళ్ళీ కత్తెర ముట్టలేదు. పెళ్ళయి ఆళ్ళగడ్డకు పోయి మూడేళ్ళు. నేను వెళితే నీళ్ళిస్తుంది, "బువ్వ తింటావా నాయనా" అంటుంది, లోపలికి పోతుంది. మాట తమ్ముడిదే గానీ చెయ్యి నాది. ఆ తప్పు నన్ను తినేస్తోంది.

రష్యావాళ్ళు ఆకాశంలోకి ఏదో వదిలారని హోటల్ రేడియోలో విన్న నాడు ఆ గూడు గుర్తొచ్చింది. అంగడికి పోయి తెల్ల కాగితం కొన్నాను. పండుగ ముక్క ఒక్కటీ కలపలేదు. పసిపిల్ల రెండు నెలల్లో చేసిన దానికి నాకు రెండేళ్ళు పట్టింది. కిటికీలు వంకర పోయాయి. కడవలు మూడు నలిగిపోయాయి, నాలుగోది నిలిచింది.

ఓబులేసప్ప "కూతురికి ఇస్తున్నాను" అని రాయబోతే ఆపాను. నాది కానిదాన్ని నేనెలా ఇస్తాను? అది మొదటి నుంచీ ఆమెదే. తిరిగి అప్పజెబుతున్నాను.

5. దాన్ని తమ్ముడు ఖలందర్ స్వయంగా ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఆళ్ళగడ్డకు తీసుకుపోవాలి. బస్సు పైన వేయకూడదు. మద్దిలేటి వెంట వెళ్ళాలి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనిదే.

6. ఓడ ఎడమపక్క ఉత్త తెల్ల కాగితం. చేతకాక వదిలేశానని ఖాసింబీ అనుకోవద్దు. గూట్లో ఆ పక్క గోడవైపు ఉండేది, గంపలో వేసేటప్పుడు కూడా నేను తిప్పి చూడలేదు. అది ఎలా ఉండేదో ఆమెకొక్కదానికే తెలుసు. మనసైతే కత్తెర ఉంది. లేకుంటే అలాగే ఉండనీ. నీళ్ళలో మాత్రం ఎవరూ వేయకూడదు.

ఇది నేను చదివించుకుని విని, సరేనని వేలిముద్ర వేసింది.

నంద్యాల, 18 ఫిబ్రవరి 1960, గురువారం.

మౌలాలి (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు: శేషయ్య, యోబు

రాసినది: ఓబులేసప్ప

పై షరతులన్నీ విన్నాను, ఒప్పుకున్నాను. కత్తెర ఈరోజే తెచ్చి అన్న చేతిలో పెట్టాను.
దాదా ఖలందర్ (వేలిముద్ర)