ముక్కుగారి గులాబీ

జనవరి 11

ఈ నోట్‌బుక్ డాక్టరు కొనమన్నాడు. రోజూ ఏ వాసన తగిలిందో ఇందులో రాయాలట. ఏమీ తగలకపోతే అది కూడా రాయాలట. రాశాను. ఏమీ లేదు.

జ్వరం తగ్గి నెల దాటింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ముక్కులో నరం దెబ్బతిందన్నాడు. నిమ్మతొక్కో, లవంగమో, గులాబీయో, నచ్చిన వాసన ఒకటి పెట్టుకుని పొద్దునా సాయంత్రం పీల్చాలి. ఆ వాసన పూర్వం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలి. మూడు నెలలకు రావచ్చు, ఏడాదికి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు, చీటీ మీద నుంచి తల ఎత్తకుండానే.

ఆయన నా ఉద్యోగం ఏమిటో అడగలేదు. నేను డెయిరీలో పాలు వాసన చూస్తాను. తెల్లవారేసరికి ప్లాట్‌ఫాం మీదికి క్యాన్లు దిగుతాయి. ఒక్కో మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. బాగుంటే ట్యాంకులోకి, పులుపు తిరిగితే వెనక్కి. ల్యాబ్ రిపోర్టు మధ్యాహ్నానికి గానీ రాదు. అందాకా నా మాటే మాట. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ నన్ను ముక్కుగారనే పిలుస్తారు. అసలు పేరు జీతం స్లిప్పులో మాత్రమే ఉంది.

డెయిరీలో చెప్పలేదు. ఇంట్లో ఆవిడకు తెలుసు, అంతే.

జనవరి 21

నర్సరీకి వెళ్ళాను. లవంగం నాకు గిట్టదు. నిమ్మతొక్క రోజూ ఎవడు పీలుస్తాడు. గులాబీయే అనుకున్నాను. కొట్లో పువ్వులు మూడు రోజులు నీళ్ళలో నాని ఉంటాయి, అందుకని చెట్టే తెచ్చుకుందామనిపించింది.

నర్సరీవాడు హైబ్రిడ్ టీ అనే రకం గులాబీల వరస దగ్గరికి తీసుకెళ్ళాడు. పొడుగాటి కాడ, కాడకు ఒకే పువ్వు, ముదురెరుపు. అన్నిటికంటే పెద్ద పువ్వున్న మొక్క చూసి ఇదే అన్నాను. అతను పక్క వరసలో ఇంకేదో చూపించబోయాడు. నేను వినిపించుకోలేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఒక వస్తువును కళ్ళతో ఏరుకున్నాను. స్కూటర్ మీద వస్తుంటే దారిలోనే పువ్వు రేకులన్నీ రాలిపోయాయి.

ఆవిడ లేబుల్ చదివి, టీయా, అయితే పొద్దున్నే నాలుగు రేకలు మరిగిస్తే సరి, నాకో పని తప్పుతుంది అంది.

వంటింటి గోడకూ కాంపౌండు గోడకూ మధ్య ఆరడుగుల జాగా ఉంది. పాత బకెట్లూ విరిగిన కుర్చీ తీసేశాం. అక్కడ పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా ఎండ పడుతుంది. అంటు కట్టిన బుడిపె మట్టికి రెండు వేళ్ళు పైన ఉండాలన్నాడు నర్సరీవాడు. స్కేలు పెట్టి కొలిచాను. పెళ్ళినాడు నా పక్కన కూర్చోవడానికి కూడా ఇంత చూసుకోలేదు మీరు అంది ఆవిడ.

జనవరి 22

నర్సరీవాడు చెప్పినట్టే కొమ్మలన్నీ మోకాలి ఎత్తుకు కత్తిరించాను. చెయ్యి రాలేదు కానీ కత్తిరించాను.

ఫిబ్రవరి 6

అంటు బుడిపె కింద నుంచి ఒక చిగురు లేచింది. మహా జోరుగా ఉంది. ఆవిడ మురిసిపోయింది. అది అంటు కట్టిన కింది అడవి గులాబీ వేరుది, ఉంచితే పైదాని బలమంతా లాగేస్తుంది. మట్టి తవ్వి, మొదలు దగ్గర పట్టుకుని పీకేశాను. బతుకుతున్నదాన్ని పీకేశారని ఆవిడ గంటసేపు మాట్లాడలేదు.

డెయిరీలో ఎలాగో నెట్టుకొస్తున్నాను. పాలవాళ్ళ మొహాలు చూస్తున్నాను. పాల మీద అనుమానం ఉన్నవాడు మూత తీసేటప్పుడు నా వైపు చూడడు. చుక్క నాలుక మీద వేసుకుంటే పులుపు తెలుస్తుంది. కానీ ముక్కుగారు పాలు రుచి చూస్తున్నాడంటే అందరూ ముక్కున వేలేసుకుంటారు.

సాయంత్రం. ఏమీ లేదు.

మార్చి 3

మొగ్గ. దాని పక్కన రెండు బుల్లి మొగ్గలు. పువ్వు పెద్దది కావాలంటే వాటిని గిల్లేయాలి. గిల్లేశాను. మొగ్గ మెడ నిండా పచ్చపేను పట్టింది. సబ్బు నీళ్ళతో ఒక్కొక్కటీ తుడిచాను. నా పిల్లలకు ఏనాడైనా తల దువ్వానా అని గుర్తు చేసుకుంటే గుర్తు రాలేదు.

మార్చి 12, ఉదయం 6.40

పూసింది. అరచేయంత ఉంది. మధ్యలో రేకలు ఇంకా చుట్టుకునే ఉన్నాయి. వంగాను.

ఏమీ లేదు.

ఆవిడ వెనకాలే నిలబడి ఉంది. నువ్వు చూసి చెప్పు అన్నాను. వంగి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే ఉండి, అబ్బ, ఏం వాసనండీ, వీధి చివరిదాకా వస్తుంది అంది.

మళ్ళీ వంగాను. రేకల్లో ముక్కు దూర్చేశాను. వీధి చివరిదాకా వెళ్ళే వాసన ముక్కులో పెట్టుకున్నా తగలడం లేదంటే ఇక ఈ ముక్కు మొహానికి అలంకారమే. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి విప్పి ఏడ్చాను.

మార్చి 13

ఏమీ లేదు.

మార్చి 14

ఏమీ లేదు. ఆవిడకు ఇవాళ కొంచెం తేనె వాసన కూడా వచ్చిందట.

మార్చి 29

మధ్యాహ్నం ల్యాబ్ అమ్మాయి పరుగున వచ్చింది. రెండో ట్యాంకులో పాలు పులిశాయట. ట్యాంకు మొత్తం, రెండు వేల లీటర్లు, కాలవలోకి వదిలేశారు. తెల్లగా పోతూనే ఉన్నాయి. అందరం నిలబడి చూశాం.

ఏ క్యానో నాకు తెలుసు. పొద్దున ఆ పాలవాడు నా వైపు చూడలేదు. నాకు అనుమానం వచ్చింది. కానీ ముందురోజు ఇలాగే అనుమానంతో ఒకడి మంచి పాలు వెనక్కి పంపాను, వాడు గొడవ చేశాడు. ఇవాళ సరే అనేశాను.

మేనేజరు అందరి ముందూ, ముక్కుగారు చూసిన పాలు కాబట్టి తప్పు అక్కడ లేదు, కూలింగ్ చూడండి అన్నాడు. నోరు విప్పలేకపోయాను.

ఏప్రిల్ 2

కూలింగ్ మెకానిక్‌కు మెమో ఇచ్చారు. ఇంకొకటి వస్తే ఉద్యోగం పోతుంది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగానే కూర్చున్నాడు. కంప్రెసర్ మొత్తం విప్పి చూశాను, ఏమీ కనపడలేదు, నా చేతులకే ఏదో అయింది అన్నాడు. పాపం అన్నాను. పాపం అని ఎలా అనగలిగానో.

ఏప్రిల్ 9

ఆకుల మీద నల్ల మచ్చలు. మచ్చ ఉన్న ఆకులన్నీ తుంచేశాను. నీళ్ళు ఆకుల మీద పడకుండా మొదలు దగ్గరే పోయాలి. ఎన్ని రోజులుగా మీద నుంచి పోస్తున్నానో.

డెయిరీ గురించి రాయను.

ఏప్రిల్ 20

అక్క వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది. మనసులో ఉన్నది నోట్లో ఆగదు. మొక్క రెండోసారి పూసింది, నాలుగు పువ్వులు. చూపిద్దామని పెరట్లోకి తీసుకెళ్ళాను. వంగి వాసన చూసి, ఒరేయ్, ఇదేం పువ్వురా, కాగితప్పువ్వు నయం, వాసనే లేదు అంది.

జ్వరం గురించి అక్కకు తెలియదు. నీకు వయసైపోయింది అన్నాను. అక్కకు ఒళ్ళు మండింది. పక్కింటి పెద్దావిణ్ణి గోడ మీద నుంచి పిలిచి ఒక పువ్వు అందించింది. ఆ పెద్దావిడ వాసన చూసి, రంగు మాత్రం బాగుందమ్మా అంది.

వంటింటి కిటికీలోంచి మా ఆవిడ చూస్తోంది. నేను చూసేసరికి తల దించుకుంది.

ఏప్రిల్ 21

ఆవిడే చెప్పింది. మొదటి రోజు నా మొహం చూసి వాసన ఉన్నట్టు అనేసిందట. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోలేకపోయిందట. తేనె ఎందుకు కలిపావని అడిగాను. మీరు నమ్మడం లేదేమోనని అంది.

నర్సరీకి ఫోన్ చేశాను. కొన్ని రకాలు చూపుకే సార్, వాసన ఉన్నవి పక్క వరసలో ఉంటాయి, మీకు చూపించబోయాను కదా అన్నాడు.

ఏప్రిల్ 22

ఆవిడతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 23

ఇవాళ కూడా మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనం గిన్నె తెరిస్తే నాకిష్టమైనదే ఉంది. రుచి సగమే తెలిసింది. అయినా ఆవిడ వండింది.

కోపం ఆవిడ మీద కాదు. ఆవిడ ఒక పువ్వు గురించి నాకోసం అబద్ధం చెప్పింది. నేను రోజూ ప్లాట్‌ఫాం మీద నిలబడి, తెలియనిదాన్ని బాగుందని చెబుతున్నాను, నాకోసమే. ఆ పాలు పిల్లలు తాగుతారు. మెకానిక్ ఇంట్లో కూడా ఎవరో అతని మొహం చూసి నీ తప్పేం లేదులే అంటూ ఉంటారు. వాళ్ళు చెప్పేది మాత్రం నిజం.

ఏప్రిల్ 24

పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళి చెప్పేశాను. ఆయన లేచి తలుపు వేసి, ఎప్పటినుంచి అని అడిగాడు. డిసెంబరు నుంచి అన్నాను.  ఇరవై ఆరేళ్ళు నమ్మాను, మీరు కూడానా అన్నాడు. దానికంటే తిడితే బాగుండేది.

మెమో వెనక్కి తీసుకుంటారు. ప్లాట్‌ఫాం మీద రేపటినుంచి ల్యాబ్ అమ్మాయి నిలబడుతుంది. నన్ను ఇవాళ్టినుంచే క్యాన్లు కడిగే సెక్షన్‌కు వేశారు. ఉద్యోగం ఉంచారు.

ఇంటికొచ్చి ఆవిడకు చెప్పాను. ఆవిడ నా తడిసిన బూట్లు తీసుకెళ్ళి ఎండలో పెట్టింది.

మే 4

మెకానిక్ క్యాన్ల దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా సరే అనుకున్నాను. కంప్రెసర్ మూడుసార్లు విప్పాను, మీరు చూసిన పాలు కాబట్టి తప్పు నాదే అని నమ్మేశాను ముక్కుగారూ అన్నాడు. ఇంకా ముక్కుగారనే అన్నాడు. క్షమించమని అడిగాను. తెలియదండీ, ఇంకా కోపంగానే ఉంది అని వెళ్ళిపోయాడు. నిజం చెప్పాడు, బాగుంది.

మే 11

మొక్క మార్చేద్దామా అని ఆవిడ అడిగింది. వద్దన్నాను. దాన్ని ఏరుకున్నది నేను, అది ఏ మాటా ఇవ్వలేదు. వాసన ఉన్న రకం ఒకటి తెచ్చి పక్కన పెడదాం, పూసేదాకా ఏది దొరికితే అది పీలుస్తాను.

కొత్త పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున్నే ఇద్దరం పెరట్లో నిలబడతాం. ఆవిడకు తెలిసిన వాసనలన్నీ ఉన్నవి ఉన్నట్టు చెబుతుంది. ఇవాళ తడిమట్టి, వీధిలో మురిక్కాలవ, పక్కింట్లో ఏదో మాడుతోంది, మీ చొక్కా కూడా ఉతకాలి. గులాబీ, ఏమీ లేదు. చివర్లో, మీకేమైనా తెలిసిందా అని అడుగుతుంది. లేదంటాను. ఇద్దరం లోపలికి వెళ్ళిపోతాం.

మే 12

లేదు.

మే 19

లేదు.

మే 27, ఉదయం 6.10

పెరట్లో కుళాయి దగ్గర, బకెట్టు నింపుతున్న ఆవిడ పక్కన వంగాను. ఏదో తగిలింది. ఒక్క క్షణం. మంచిదో చెడ్డదో తెలియదు.

మీకేమైనా తెలిసిందా అని అడిగింది.

ఇంకా చెప్పలేను అన్నాను.

ఆవిడ బకెట్టు కింద పెట్టేసి నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.