గోరింక కాలికి మిగిలిన పోగు

జూన్ 3, ఉదయం 7
మావయ్య దానిమ్మ చెట్టుకి కప్పిన వలలో గోరింక చిక్కుకుంది. తలకిందులుగా వేలాడుతూ ఇల్లు పీకి పందిరేస్తోంది. పది గంటలకి నేను రెండు జాకెట్లు డెలివరీ ఇవ్వాలి. కుట్లు విప్పే సీమ్ రిప్పర్‌తోనే టకటకా వల కోసేశాను. నా వేలు కొరికి మరీ ఎగిరిపోయింది. థాంక్స్ అన్నమాట. మావయ్య మాత్రం వలకి పడ్డ చిల్లు చూసి ముఖం మాడ్చుకున్నారు.

జూన్ 4
పిట్టలు చస్తే ఆ దానిమ్మలు ఎవరి గొంతు దిగుతాయని భోజనాల దగ్గర గట్టిగానే అడిగాను. సాయంత్రం చూస్తే మావయ్య వల విప్పి, మడతపెట్టి షెడ్డులో పెట్టేశారు. మామగారి మీద గెలిచానని లోపల్లోపల పొంగిపోయాను.

జూన్ 6
గోరింక గోడ మీద ఒంటికాలి మీద నిలబడింది. రెండో కాలికి నీలం పోగు. మా వలదే. కోసేటప్పుడు కాలు చూడనేలేదు నేను. జాకెట్‌లో ఒక్క దారం మిగిలితే నిద్రపట్టని మనిషిని.

పక్షుల డాక్టర్‌కి ఫోన్ చేశాను. కాలు వాచేకొద్దీ పోగు బిగుస్తుందట. రెండు మూడు రోజుల్లో తీయకపోతే కాలు పోతుందట. అసలు వలలోంచి తీసిన పిట్టని వెంటనే వదలకూడదట. ఒళ్లంతా వెతికి, చీకటి పెట్టెలో ఒక రోజు ఉంచాకే వదలాలట. నాకేం తెలుసు అనుకున్నాను. తెలియకపోవడం ఒక్కటే కాదు. తొందర.

జూన్ 7
చేతికి దొరకడం లేదు. ఎగరగలదు కదా.

జూన్ 8, సాయంత్రం 5
నిన్న రాత్రి సిగ్గు చంపుకుని మావయ్యని అడిగాను, వల మళ్లీ కట్టమని. దెప్పుతారనుకున్నాను. దెప్పలేదు. వల అంచుని కర్రతో ఎత్తిపెట్టి, కర్రకి తాడు కట్టి, కింద ఒలిచిన దానిమ్మ పెట్టి, పొద్దున్నుంచీ గుమ్మంలో తాడు పట్టుకుని కూర్చున్నారు. కాఫీ ఇస్తే కళ్లతోనే వద్దన్నారు. చప్పుడవుతుందని నేనూ మిషన్ ముట్టుకోలేదు. కస్టమర్లని రేపు రమ్మన్నాను.

నాలుగున్నరకి తాడు లాగారు. చిక్కింది.

సాయంత్రం 7
డాక్టర్ భూతద్దం పెట్టుకుని పోగు కోశారు. అప్పటికే అది చర్మంలోకి దిగిపోయింది. కాలు నిలుస్తుందో లేదో రేపు తెలుస్తుందన్నారు. చెప్పుల పెట్టెలో ఇంటికి తెచ్చాం. లోపల చప్పుడు లేదు. భయమేసి మూత తీయబోతే మావయ్య నా చెయ్యి ఆపారు.

"తొందరపడకమ్మా. నేనిక్కడే కూర్చుంటా."

ఏడుపొచ్చింది.

జూన్ 9, సాయంత్రం
మూత తీశాం. రెండు కాళ్ల మీదా నిలబడింది. ఎగరలేదు. మమ్మల్నే చూస్తోంది. మేమిద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం. పెన్ను కదిలితే బెదురుతోంది. ఆపేస్తున్నాను.