వరుస చివర దొరికిన మనిషి

శ్రావణ శుక్రవారం, సిద్దిపేట

ఇవాళ ముద్ద దిగలేదు. ఇంటి నుంచే ఉద్యోగం చేసే మనవరాలు స్వప్న పొద్దున్నుంచి ఎక్కడో ఉన్న మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌లోని పాత ఫైళ్లలో ఒక పేరు వెతుకుతోంది. ఏదో ఫ్యాక్టరీలో పనిచేసి చనిపోయిన మనిషిదట. సాయంత్రంలోగా దొరక్కపోతే, అతను అక్కడ పనే చేయలేదని ఫ్యాక్టరీవాళ్లు భార్యకు రాసేస్తారట, ఇక పింఛను రాదట. ఆ తల్లి ఎవరోగానీ, నా మనసంతా ఆమె మీదే.

"లక్షల వరుసలు చూసిన నానమ్మా, లేడు" అంది స్వప్న.

నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. "అంచు దాక చూసినవా బిడ్డా? రాళ్లన్నీ గాడికే పోతయి" అన్నాను.

"గిది బియ్యం గాదే!" అని నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసింది. నిన్న వేరే పనికి పెట్టిన హద్దు తీయలేదట. కంప్యూటర్ ప్రతి వరుసనూ సగం దాకే చూసి, లేడని చెప్పిందట. హద్దు తీయగానే వరుస చివర కనిపించాడు.

"దొరికిండే ముసలీ!" అని నన్ను వాటేసుకుంది.

మా ఇంటాయన కూడా అంతే, ఫొటోల్లో ఎప్పుడూ చివరన నిలబడేవాడు. చనిపోయినప్పటి నుంచి కలలో వాకిలి నడుమ వెతుకుతున్నాను, కనిపించడు. నన్ను మరిచాడేమోనని బెంగ.

ఈ రాత్రి నిద్ర పడితే, కలలో వాకిలి అంచున, గోడ వారగా చూడాలి...