ఎప్పుడు పోయిందో చెప్పు

తమ్ముడూ,

తప్పు నీదే. మెసేజీల అకౌంటు దొంగ చేతికి పోయినందుకు అనడం లేదు, అది ఎవరికైనా పోతుంది. పోయిందని నీకు ఆదివారం పొద్దున్నే తెలిసింది. మంగళవారం సాయంత్రం దాకా ఒక్కరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులూ దొంగ నీ పేరు తగిలించుకుని, నీ ఫొటో పెట్టుకుని, నీ వాళ్లందరి తలుపులూ తట్టాడు. నువ్వు ఇంట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నావు.

ఉత్తరం అన్నాక ముందు క్షేమం రాయాలి కాబట్టి రాస్తున్నాను. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. మీ బావ దగ్గుతూనే షిఫ్టులకి వెళ్తున్నాడు. నేను వేళకి తింటున్నాను, వేళకి పోట్లాడుతున్నాను. నువ్వూ, మరదలూ, పిల్లా కులాసా అని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. "ఎడిటర్ గారికి" అని మొదలుపెట్టావు. మూడేళ్లుగా నీ నోట నాకు అదే పిలుపు, పైగా మీరు, తమరు. నెలకోసారి నాలుగు పేజీలు అచ్చేసుకునే దానికి అంత మర్యాద ఎక్కువే. సరే, అడిగినవాటికి వరసగా చెబుతాను.

నీ తర్వాత పోయిన నా అకౌంటు తిరిగొచ్చిందా అన్నావు. వచ్చింది, ఎనిమిదో రోజున. దొంగ లోపలికి దూరగానే దానికి తన సొంత పిన్ను పెట్టుకున్నాడు. నా ఇంటికి నేను తాళం తీయించుకోవడానికి వారం ఆగాల్సి వచ్చింది. మా వీధి మలుపులో ఫోన్లు బాగుచేసే ఆవిడ ఉంది. నుదుటి మీద భూతద్దం, చేతిలో చిన్న స్క్రూడ్రైవరు. ఆవిడ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. చదువుకున్నవాళ్లు మీరు కూడానా అంటుందని సిద్ధపడి వెళ్లాను. ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. ముందు మెయిలు సంగతి చూద్దాం అంది, మిగతా తలుపులన్నిటికీ తాళంచెవి అందులోనే ఉంటుందట. దాని పాస్‌వర్డ్ మార్పించింది. ఇంకెక్కడెక్కడ నా అకౌంటు తెరిచి ఉందో చూపించింది. నేను జన్మలో ముట్టుకోని కంప్యూటరు ఒకటి కనబడింది. దాన్ని తీసేయించింది. తర్వాత పాస్‌వర్డుకి తోడుగా రెండో తాళం పెట్టించి, దాని అంకెలు ఫోన్లో దాచొద్దు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి అంది. అంతా కలిపి అరగంట. ఆ అరగంట పని ముందే చేసుకోవడానికి నాకు ఆరేళ్లుగా తీరిక దొరకలేదు.

దొంగ అమ్మని కూడా ఫోనుకొచ్చిన కోడ్ పంపమని అడిగాడా అన్నావు. అడిగాడు. నీ పేరుతోనే. ఆ అంకెలు వాడి చేతిలో పడితే అకౌంటు వాడిదే. అమ్మ ఆ మెసేజీ చూసింది, కోడ్ ఎక్కడుందో వెతకడం రాక ఫోను దిండు కింద పెట్టి పడుకుంది. మర్నాడు సంగతి తెలిశాక ఇంట్లో ఆవిడ నడక చూడాలి. "మీ ఇద్దరికీ చదువు చెప్పించి నేను మాత్రం చదువుకోకపోవడం ఎంత మంచిదైందో" అని బావతో అంటోంది, నాకు వినబడేట్టు.

దొంగకేం దక్కింది అన్నది నీ మూడో ప్రశ్న. దానికి జవాబు కాస్త పొడుగు.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పదకొండుమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారని లోగడ రాశాను. మరకలు పోవడానికి వాడే ద్రావకాన్ని చేతి తొడుగుల్లేకుండా కలిపిస్తున్నారు. ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసే ఆవిడకి మోచేతి దాకా చర్మం ఊడింది. ఎవరికి కాలినా ఆ రోజే ఫొటో తీసి, ఏం జరిగిందో గొంతుతో చెప్పి నాకు పంపమన్నాను. మూడు వారాల్లో పదకొండుమందీ పంపారు. వాటితోనే కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టాం. ఫిర్యాదు అందిన మర్నాడే యజమానులు కొత్త తొడుగులు తెచ్చి మేకులకి వేలాడదీశారు. ఇప్పుడేమో తొడుగులు మొదటినుంచీ ఉన్నాయంటున్నారు. వాళ్ల మాట అబద్ధమని చెప్పగలిగేవి ఆ తేదీలున్న ఫొటోలూ గొంతులే. అవి చెల్లకపోతే ఫిర్యాదు పోతుంది. ఫిర్యాదు పోతే పదకొండుమంది ఉద్యోగాలూ పోతాయి.

ఆ ఫొటోలూ గొంతులూ దొంగ చేతికి వెళ్లలేదు. అవి నా ఫోన్లోనే ఉన్నాయి, రిపేరావిడ చూసి చెప్పింది. దొంగకి దక్కింది నా పేరుతో మాట్లాడే వీలు. బుధవారం పొద్దున నా నంబరు నుంచి పదకొండుమందికీ మెసేజీ వెళ్లింది, కోడ్ పంపమని. ఇద్దరు పంపారు. నేనడిగాననుకుని పంపారు. మూడో ఆవిడకి అనుమానం వచ్చి సూపర్‌వైజరుకి చూపించింది. అలా యజమానులకి తెలిసింది.

ఇక్కడ నీతో నా పేచీ. సిగ్గుపడ్డానని రాశావు. పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ణి, పదిమందిలో తెలివైనవాణ్ణని పేరున్నవాణ్ణి, మోసపోయానని ఏ మొహంతో చెప్పను అన్నావు. జేబు కొట్టేసినవాడు సిగ్గుపడడు, పోగొట్టుకున్నవాడు సిగ్గుపడాలి, ఏం న్యాయమిది? మన వివరాలన్నీ అడిగి మరీ పోగేసుకుని, వాటి చుట్టూ సరైన గోడ కట్టని కంపెనీలు సిగ్గుపడవు. పోలీసు స్టేషన్లో, ముందే జాగ్రత్తపడాలి కదమ్మా అనే గుమాస్తా సిగ్గుపడడు. సిగ్గంతా మనకే మిగిలింది. దొంగకి పాస్‌వర్డు కంటే పనికొచ్చేది ఈ సిగ్గే. నువ్వు నోరెత్తకుండా కూర్చున్న ప్రతి గంటా వాడి పనిగంట. ఆదివారం నువ్వు ఒక్క ఫోను చేసుంటే, అదీ ఒక్క నిమిషం, ఈ ఉత్తరం ఉండేది కాదు.

ఇంత గట్టిగా రాశాక కలం కింద పెట్టి, లేచి మంచినీళ్లు తాగొచ్చాను. మిగతాది రాయకపోతే పైన రాసిందంతా కూడా అబద్ధమే అవుతుంది.

మొదటి విచారణ ఆ శుక్రవారం జరిగింది. చిన్న గది, పొడుగాటి బల్ల, ఒక పక్క మేము, ఒక పక్క వాళ్లు. మీ అకౌంటు ఎప్పటినుంచి దొంగల చేతిలో ఉంది అని లాండ్రీ వకీలు అడిగాడు. మెత్తగా అడిగాడు. చెప్పలేను అన్నాను. మా తమ్ముడి అకౌంటు నుంచి పాకింది, వారాల తరబడి లోపలే ఉన్నారేమో, నాకు తెలిసే అవకాశమే లేదు అన్నాను. వకీలు ఆ మాట కాగితం మీద రాసుకుని, కింద గీత గీశాడు. అప్పుడు విచారణాధికారి వైపు తిరిగి, ఈ పదకొండు గొంతులూ ఆ వారాల్లో వచ్చినవే, ఎవరు పంపారో ఈవిడే చెప్పలేకపోతున్నారు, ఇక వీటికి విలువేముంది అన్నాడు. అధికారి నా వైపు చూసి, ఎప్పుడు పోయిందో రాసి తెండి అన్నాడు. ఈ నెల ఆఖరు శుక్రవారం దాకా గడువు.

ఎప్పుడు పోయిందో నాకు నిమిషంతో సహా తెలుసు తమ్ముడూ. మంగళవారం పొద్దున పదకొండూ పది. ప్రెస్సులో నిలబడి ప్రూఫు చూస్తున్నాను. నీ నంబరు నుంచి మెసేజీ వచ్చింది: "అక్కా, బిజీగా ఉన్నావా? పొరపాటున నీ ఫోనుకి ఆరంకెల కోడ్ వచ్చింది. కాస్త పంపవా అక్కా."

అంతకుముందు సంచికలో మూడో పేజీలో నేనే చుట్టూ గీతల గడి కట్టించి వేశాను, కోడ్ కన్నతల్లి అడిగినా ఇవ్వకండి అని. నాకొచ్చిన కోడ్ కిందే ఎవరికీ చెప్పవద్దు అని ఉంది. తెలుగులోనే ఉంది. నాకు చదువు వచ్చు.

ఆ మెసేజీ నీది కాదని తెలియడానికి నాకు అక్కా అన్న ఒక్క మాట సరిపోవాల్సింది. మూడేళ్లలో నువ్వు నన్ను అక్కా అన్నది లేదు. నువ్వే రాసుంటే ఎడిటర్ గారూ, తమరి ఫోనుకి ఒక కోడ్ దయచేసింది అని రాసేవాడివి. అది నాకు తట్టనే లేదు. రెండుసార్లు అక్కా అన్నాడు. ప్రూఫు కాగితం అలాగే చంకలో పెట్టుకుని ఆరంకెలూ పంపాను. కింద "ఎలా ఉన్నావురా" అని కూడా రాశాను. అది వెళ్లేలోపే అకౌంటు మూసుకుపోయింది.

నిన్ను అంతగా దూరం చేసుకున్నదీ నేనే. మీ స్కూల్లో మార్కులు తారుమారు చేస్తున్నారని నువ్వు మా వంటింట్లో, కూరలు తరుగుతూ, నాకొక్కదానికే చెప్పావు. నేను అచ్చేశాను. పేరు వెయ్యలేదుగా అని నీతో వాదించాను, ఒక సాయంత్రమంతా. "ఒక లెక్కల మాస్టారు" అని వేశాను. మీ స్కూల్లో లెక్కల మాస్టారు ఒక్కడేనని నాకు తెలుసు. నీ మాట అది, ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో నువ్వు తేల్చుకోవాల్సిన మాట. ఆ పని తప్పు. మూడేళ్లలో ఒక్కసారీ ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నిన్న సోమవారం షిఫ్టు మారే వేళకి లాండ్రీకి వెళ్లాను. ఏప్రాన్లు తగిలించే గదిలో పదకొండుమందికీ నిలబడి చెప్పాను. కోడ్ నేనే ఇచ్చాను, తెలిసి తెలిసీ విచారణలో బొంకాను, నా బొంకే మీ మెడకి చుట్టుకుంది అని. వెనకాల డ్రమ్ము తిరుగుతూనే ఉంది. కోడ్ పంపినవాళ్లలో ఒకావిడ, కళ్లజోడావిడ, ఇంట్లో ఇంకా చెప్పుకోలేదట. మెల్లిగా, అయితే నేనొక్కదాన్నే తెలివితక్కువదాన్ని కానన్నమాట అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. రెండో ఆవిడ నవ్వలేదు. దుప్పట్లు మడతపెట్టే పొడుగావిడ. నన్ను సూటిగా చూసి అంది:

"మంగళవారమే మాకు చెప్పుంటే బుధవారం నేను ఇచ్చేదాన్నా అక్కా?"

ఒక పగలూ ఒక రాత్రీ నేనూ నోరు మూసుకునే కూర్చున్నాను. నువ్వు లెక్కల మాస్టారివని, నేను కోడ్ ఇవ్వొద్దని ఊరందరికీ చెప్పినదాన్నని. నీ మీద రాసిన తప్పు కొట్టెయ్యను, అది తప్పే. పక్కన నా పేరు కూడా రాసుకో.

ఇస్త్రీ ఆవిడే చివరికి తేల్చింది. ఈ మాట అధికారి ముందు చెబుతారా అని అడిగింది. చెబుతానన్నాను. మీ పేపర్లో? వేస్తాను, మొదటి పేజీలో, నా పేరుతోనే. అలాగైతే మేమొస్తాం అంది. పొడుగావిడ మాత్రం చూస్తాను అంది. ఆవిడకి ఆ హక్కుంది.

మంగళవారం పదకొండూ పదికి ముందు నా అకౌంటు నా చేతిలోనే ఉంది. ఆ మాట నిలబడితే పదకొండు గొంతులూ నిలబడతాయి. నేనొక్కదాన్నే చెబితే, మొన్నొకటి ఇవాళొకటి చెబుతోందని వకీలు తిప్పికొడతాడు. దొంగ మొదట దూరింది నీ దగ్గర కాబట్టి, నీ సాక్ష్యం కావాలి. అందుకని నాకు కావలసినవి రాస్తున్నాను. బతిమాలడం నాకు చేతకాదని నీకు తెలుసు.

ఒకటి. ఆదివారం ఎన్నింటికి నీ అకౌంటు పోయిందో, నీకెలా తెలిసిందో నీ చేత్తో రాసి, సంతకం పెట్టి, రిజిస్టరు పోస్టులో పంపు.

రెండు. మంగళవారం నా నంబరుకి వచ్చిన మెసేజీ నువ్వు రాసింది కాదని అందులో రాయి.

మూడు. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదన్న సంగతి కూడా రాయి. దాచొద్దు.

నాలుగు. పిల్ల పుట్టినరోజుని పాస్‌వర్డుగా పెట్టడం మానెయ్. మెయిలుకి ఒకటి, బ్యాంకుకి ఒకటి, స్కూలుకి ఒకటి, మూడూ వేరు వేరుగా ఉండాలి. అన్నిటికీ రెండో తాళం పెట్టు.

ఐదు. మీ టీచర్ల గదిలో నీకు జరిగింది జరిగినట్టు చెప్పు. తర్వాత వాళ్లచేత కూడా ఆ తాళం పెట్టించు.

ఆరు. మళ్లీ ఎప్పుడైనా పోతే గంటలోపల బావ నంబరుకి ఫోను చెయ్యి. మెసేజీ కాదు, గొంతు వినబడాలి.

ఏడు. ఆఖరు శుక్రవారం విచారణకి రా. మాట్లాడక్కర్లేదు, వెనక బల్ల మీద కూర్చో చాలు. నేను లేచి నిలబడి ఆ మాట చెప్పేటప్పుడు ఆ గదిలో నా వాళ్లు ఒకరుండాలి.

ఇట్లు,
నీ తోడబుట్టినది