దున్నకుండా వదిలిన చోటు

నాన్నా,

నువ్వు పోయాక తోటలో ఇదే మొదటి దుక్కి. రెడ్డిగూడెం అడవిని ఆనుకున్న చివరి మామిడి వరుసలో ట్రాక్టర్ ఆగిపోయింది. పాడైందేమోనని పరుగెత్తాను. డ్రైవర్ వెంకన్న నేలలో కర్ర పాతి, దానికి తన తువ్వాలు కడుతున్నాడు.

"నెమలి పొదుగుతోందమ్మా. దగ్గరికెళ్తే లేచిపోద్ది."

గూడు కనబడ్డ చోటల్లా నువ్వలా కడితే, "పిట్టల కోసం పని ఆపుతారేంటండీ" అని విసుక్కున్నది ఇతనే!

అడవిలో నువ్వు నేర్పినట్టే చెట్టు చాటున కూర్చుని చూశాను. ఎండుటాకుల్లో కలిసిపోయి ఉంది. అంత ట్రాక్టర్ మీదికొచ్చినా గుడ్ల మీంచి లేవలేదు. ఎంత ధైర్యం నాన్నా దానికి!

వెంకన్న ఒట్టి తలతో ఎండలో మిగతాదంతా దున్నుతున్నాడు. ఇంటికెళ్లి, బీరువాలో దాచుకున్న నీ తువ్వాలు తెచ్చి అతనికిచ్చాను.